గాలిమోటరు జాడ

అమ్రాబాద్ గుట్టల కింద, గుడిసె ముందర ఖాకీ బట్టలాయన గుర్రం దిగంగనే అవ్వ లేచి నిలబడ్డది.

"అవ్వా, నిరుడు గీ గుట్టల్ల ఆకాశంల పోయే గాలిమోటరు కూలింది. చూసినవా?"

"లేదు దొరా."

"ఊరంత గదే మాట. ఏం దాస్తున్నరు?"

"లేనిదాన్ని యాడ దాస్తం? దొరికితే గా ఇనుమంత మోయనీకి మా పోరగాండ్లనే వెట్టికి పట్టుకపోతరు."

"నాకు ఇనుమొద్దు. దాన్ని నడిపినోడు నా తమ్ముడు."

అవ్వ నమ్మలేదు. ఖాకీ బట్టలోళ్లు ఏమన్న చెప్తరు.

"తమ్ముడైతే గుర్తు చెప్పు."

"ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు."

అవ్వ గుట్ట దిక్కు చెయ్యి చూపింది.

"గా తేలు చెయ్యిని మేమే మన్నుల పెట్టినం. పెత్రమాసనాడు చచ్చిపోయిన మా పెద్దలతోని ఆయనకు గూడ ఇస్తరేసి బువ్వ పెట్టిన. పేరు తెలవక బిడ్డా అనే పిలిచిన. నీ తమ్ముని పేరేంది కొడుకా?"