సర్వేయరు గారి గదిలో టైము

నా పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. వయసు యాభై ఆరు. ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. అంతకుముందు రేడియోలు బాగుచేసేవాణ్ని. వీధిలో అందరూ సిస్టమ్ మాస్టారు అంటారు. నన్ను ఎవరూ పిలిపించలేదు. నేనే వచ్చాను.

నలభై ఇళ్ల కంప్యూటర్లు నేనే చూస్తాను. రెండు నెలలకోసారి వెళ్తాను. పేరుకున్న చెత్త ఫైళ్లు తీసేస్తాను, ఆగిపోయిన అప్‌డేట్లు ఎక్కిస్తాను, ఆన్ చేయగానే వాటంతట అవే లేచి కూర్చునే అక్కర్లేని ప్రోగ్రాములను ఆపేస్తాను. అప్‌డేట్ నడుస్తుండగా స్విచ్ ఆపొద్దని కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటిస్తాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకండని అందరికీ చెప్తాను. చెప్పడం నాకు బాగా వచ్చు. ఎస్.ఐ. గారు అసలు విషయానికి రమ్మంటున్నారు. ఇదే అసలు విషయం.

ఈ నెల ఆరో తేదీ, సోమవారం, ఉదయం పది గంటలకు రిటైరైన సర్వేయరు గారింటికి వెళ్లాను. పెద్దాయన మంచంలో ఉన్నారు. కూతురు ఆఫీసుకు వెళ్తుంది, పగలంతా నర్సమ్మ చూసుకుంటుంది. కంప్యూటరు ఆ గదిలోనే కిటికీ పక్కన ఉంటుంది. మందు వేసినా, నీళ్లు పట్టినా, నాడి చూసినా నర్సమ్మ వెంటనే అందులో ఒక పట్టికలో టైముతో సహా ఎక్కించాలి. గదిలో ఫోను వద్దని కూతురి నియమం. టిక్కుటిక్కు పడదని పెద్దాయన గోడ గడియారం తీయించేశారు. కాబట్టి నర్సమ్మకు టైమంటే తెర మూలన కనిపించేదే.

ఆ రోజు తెర మూలన తేదీ ఏళ్లకేళ్లు వెనక్కి పోయి ఉంది. కంప్యూటరు లోపల చొక్కా బొత్తామంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయింది. తేదీ తప్పితే అప్‌డేట్లు ఎక్కవు, సైట్లు తెరుచుకోవు. కొత్త బ్యాటరీ వేశాను. వీధిలో కేబుల్ తెగి ఆ పూట నెట్ లేదు. ఉంటే సరైన టైము అందులో చూసి పెట్టేవాణ్ని. నా చేతి వాచీ చూసి పెట్టాను.

నా వాచీ ఇరవై నిమిషాలు ముందుంటుంది. ఏ ఇంటికీ ఆలస్యంగా వెళ్లకూడదని ఏనాడో నేనే అలా పెట్టుకున్నాను. చూసినప్పుడల్లా మనసులో ఇరవై తీసేసుకుంటాను. ఆ రోజు తీసేయలేదు. పెద్దాయన కంప్యూటరు వైపు చూపించి, "ఏం మాస్టారూ, ఈ ముసలిదానికి ఇంకెంత ఆయుష్షు పోశారు?" అన్నారు. "మీరిద్దరూ నన్ను సాగనంపిగానీ కదలరు లెండి" అన్నాను. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఇరవై తీసేయలేదు.

టైమును దానంతట అదే సరిచేసుకునే ఏర్పాటు కూడా ఆపేశాను. ఒకప్పుడు వేరే ఇంట్లో అది గంట తేడా చూపించి నాకు చీవాట్లు పెట్టించింది. అప్పటినుంచి ఏ ఇంట్లోనైనా ఆపేస్తాను. అది నా మొండితనం.

తొమ్మిదో తేదీ, గురువారం, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు కూతురు ఇంటికొచ్చింది. పెద్దాయనలో ఊపిరి లేదు. నర్సమ్మ మేడ మీద ఆరిన దుప్పట్లు తీస్తోంది. కింది అంతస్తులో ఉన్న క్లినిక్కు డాక్టరు నాలుగూ ఐదుకు వచ్చి చూసి ప్రాణం లేదన్నారు. ఇవి నేను చూడలేదు, కూతురు చెప్పినవి.

పదో తేదీ, శుక్రవారం, ఉదయం తొమ్మిదిన్నరకు ఆమె నన్ను పిలిపించి ఆ పట్టికను ప్రింటు తీసిమ్మంది. తీశాను. చివరి వరుసలో ‘4.10. నీళ్లు తాగారు. మాట్లాడారు. కళ్లు మూసుకున్నారు’ అని ఉంది.

"నాలుగూ ఐదుకే లేని మనిషి నాలుగూ పదికి నీళ్లెలా తాగాడు మాస్టారూ? నేను వాకిట్లో డాక్టరు గారితో మాట్లాడుతుంటే లోపలికెళ్లి రాసేసింది. నాన్న ఎంతసేపు ఒక్కడే అలా పడున్నాడో" అని ఏడ్చింది.

నేను నా చేతి వాచీ వైపు చూశాను. నాలుగూ పదిలోంచి ఇరవై తీసేస్తే మూడూ యాభై. మూడూ యాభైకి ఆయన నీళ్లు తాగారు, మాట్లాడారు. నర్సమ్మ రాసింది నిజం. కాగితం చేతిలో ఉండగానే నాకది తెలిసింది. దాన్ని మడత పడకుండా కవరులో పెట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రమే నర్సమ్మను అరెస్టు చేశారు. నిర్లక్ష్యం, దొంగ లెక్క రాయడం అని కేసు పెట్టారట. కంప్యూటరుకు సీలు వేసి పట్టుకొచ్చారు. పోలీసులకే లేని అనుమానం నాకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. కోర్టులో ఎలాగూ తేలుతుంది అనుకున్నాను. మాస్టారికి టైము పెట్టడం కూడా రాదట అని నలభై ఇళ్లలో నవ్వుతారని భయపడ్డాను. కారణం ఇంతే. ఇంతకంటే పెద్దది ఏదైనా ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది.

ఈ రోజు ఇరవయ్యో తేదీ, సోమవారం. ఉదయం పదకొండుకు నర్సమ్మ తల్లి నా రిపేరు కొట్టుకు వచ్చింది. నా సంగతి ఆవిడకు తెలియదు. కంప్యూటర్లు తెలిసినవాణ్నని ఎవరో చెప్పారట.

"బాబూ, మా అమ్మాయి నిజం రాసిందో అబద్ధం రాసిందో ఆ మిషన్లో ఎక్కడన్నా ఉంటదా?"

"ఉంటుందమ్మా."

"చూసి చెప్పేవాళ్లెవరన్నా ఉన్నారా?"

"ఉన్నారు. కూర్చోండి."

"వద్దులే బాబూ. పది రోజులుగా కూర్చుంటే గుండె దడగా ఉంటోంది. నిలబడితేనే నయం."

కొట్టు మూసి, ఆవిడను వెంటబెట్టుకుని వచ్చాను. బయట మీ బెంచీ పక్కన నిలబడి ఉంది.

సీలు విప్పి చూడండి. ఆ గడియారం ఇప్పటికీ ఇరవై నిమిషాలు ముందే నడుస్తుంటుంది.

రాసినదంతా రైటరు గారు చదివి వినిపించారు. చివర ‘సంగతి జ్ఞాపకం వచ్చిన వెంటనే స్టేషనుకు వచ్చి తెలియజేశాను’ అని వారే చేర్చారు. కొట్టేయమన్నాను. అందరికీ అలాగే రాస్తాం, మీకే మంచిది అన్నారు. కొట్టేయించి, ‘తెలిసిన పది రోజుల తరువాత వచ్చి తెలియజేశాను’ అని రాయించాను. దిద్దిన చోట నా పొడి సంతకం ఉంది. మిగతాదంతా నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. నిజం.

(సంతకం)