వాపస్ వచ్చిన కూలర్

ఆ పంకా బయటనే పెట్టు శివా. లోపటికి తేకు. కొత్తదే గావచ్చు, మంచిదే గావచ్చు, నాకొద్దు. కూసో ముందుగాల. మెల్లగ మాట్లాడు, అత్తమ్మ వెనుక అర్రల పండుకున్నది. ఇప్పుడిప్పుడే కన్నంటుకున్నది ఆమెకు.

గోడ జూస్తున్నవా? చూడు, మంచిగ చూడు. మీ బావ సున్నం మీద సున్నం కొట్టిండు, అయినా మసి పోతలేదు. కూలర్ పెట్టిన జాగకెళ్లి పైన రేకుల దాంక నల్లగ పాకింది. పరుపు పోయింది, సింధూజ పుస్తకాలు పోయినయ్. పోతే పోనీ. నేను గిప్పుడు గోడల ముచ్చట మాట్లాడుతలేను.

దావఖానల అత్తమ్మ మంచం కాడ నిలవడి నువ్వేమన్నవో యాదికున్నదా?

మర్చిపోయినవా? అయితే నేను చెప్త. ముసలామె రెండు చేతులకు పట్టీలు. నొప్పికి మూల్గుతున్నది. నువ్వు తలకాడ నిలవడి, ఎంత ప్రేమగనో, "ఏంది అత్తమ్మా, కూలర్ మీద తడిచీర ఆరేస్తరా ఎవరన్న? గాలాడక అంటుకున్నది" అన్నవ్. అన్నవా, లేదా?

నమ్మినంరా! అందరం నమ్మినం. మీ బావ కన్నతల్లి మీద కస్సుమన్నడు. నేను పైకి అనకున్నా లోపట అనుకున్న. ఇప్పుడు మా అత్త వజ్రమ్మ, ఎవ్వరి చేతికింద బతకని మనిషి, నేను ముద్ద గలిపి నోట్ల పెడితే మింగుతది. మింగి, "నా చేతులు గిట్ల గావాల్సిందే బిడ్డా, కొడుకు ఇల్లు తగలవెట్టిన" అంటది. రోజూ అంటది.

నువ్వు కూలర్ తెచ్చిన నాడు ఎంత మురిసిన్నో! మా డిండోలి బస్తిల ఎండకాలం రేకుల కింద ఉండుడంటే పెనం మీద కూసున్నట్టే గద. "అక్కా, మా దుకాణంల నుంచి నీకోసమే తెచ్చిన" అన్నవ్. నీలం మూత, కొత్త అట్టపెట్టె. దానికి బొట్టు గూడ పెట్టిన. మా తమ్ముడు అడాజన్ల పెద్ద షోరూంల చేస్తడు, అక్క ఉడుకకు అల్లాడుతుంటే సూడలేక తెచ్చిండు అని గల్లిల ఆడోళ్లందరికీ చెప్పుకున్న. ఇప్పుడు యాదొస్తే తలకాయ ఏడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు.

కొన్ని దినాలకే వాసనొచ్చింది. ప్లాస్టిక్ మాడిన వాసన. ప్లగ్గు ముట్టుకుంటే సుర్రుమన్నది. అప్పుడే నీకు ఫోన్ జేసిన. చేసిన్నా లేదా? "కొత్త మోటర్ అక్కా, గట్లనే వస్తది, నడవంగ నడవంగ అదే పోతది" అన్నవ్.

మీ బావేమో, కార్ఖానల మోటర్ గిట్ల వాసనొస్తే ముందుగాల మెయిన్ బంద్ జేస్తం, తర్వాతే ముచ్చట అన్నడు. నేను ఇన్ననా? "రోజూ అవే అమ్మేటోడు నా తమ్ముడు, నీకంటె వానికే ఎక్కువెర్క" అన్న. పాపం, ఆయన టిఫిన్ డబ్బ వట్టుకొని పనికి పోయిండు.

అంటుకున్న దినం నేను పక్కింట్ల చీరలకు మెరుపు రాళ్లు అతుకుతున్న. సింధూజ ఒక్కతీర్గ ఒర్రింది, "మమ్మీ, ఆగ్ లాగీ!" అని. ఉరికొచ్చేసరికి కూలర్ వెనుకకెళ్లి మంట లేచింది. పిల్ల బకెట్ ఎత్తి నీళ్లు గుమ్మరియ్యబోతున్నది. పొయ్యకే, కరెంటున్నది, పొయ్యకే అని మొత్తుకుంట మెయిన్ కిందికి గుంజిన. ఎదురుంగ ఇల్లు కడుతున్న కాడికెళ్లి జనం ఇసుక తెచ్చి పోసిండ్రు. అప్పటికే అత్తమ్మ ఆ మండుతున్న చీరను ఉత్త చేతులతోని గుంజి కిందేసింది. ఇంటికి అంటుకోవద్దని. ఆ చేతులను పట్టుకొనిరా నువ్వు తప్పు నీదే అన్నది!

నేను మీ దుకాణానికి ఎందుకు పోయిన్నో తెలుసా? నీ మీద అనుమానంతోని గాదు. నాకా బుద్ధే పుట్టలే. కూలర్ అమ్మేటప్పుడు జర చెప్పుండ్రి భాయ్, మీద బట్టలు ఆరెయ్యొద్దని, ఇంకో ముసలామెకు గిట్ల గావద్దు అని చెప్దామని పోయిన. నువ్వు సామాను దించనీకి యాడికో పోయినవ్. నీతోని పనిచేసే జిగ్నేశ్ భాయ్ ఉన్నడు. సింధూజ కూలర్ పక్కన నిలవడి దిగిన ఫోటో చూపెట్టిన.

ఆయన మొఖం తెల్లవోయింది. "దీదీ, యే ఆప్కే ఘర్ కైసే ఆయా?" అన్నడు, ఇది మీ ఇంటికి ఎట్లొచ్చిందని.

ఆ రకం కూలర్లు లోపట వైర్లు మాడి అంటుకుంటున్నయని కంపెనోళ్లే అమ్మొద్దన్నరంట. కొన్నోళ్ల ఇండ్లకెళ్లి వాపస్ దెచ్చి గోదాంల పెట్టిండ్రంట. వాటిని పలగ్గొట్టి పాతసామాన్ల భంగార్ల ఏసే పని ఎవ్వరికి ఒప్పజెప్పిండ్రు? నీకు. నా తమ్మునికి.

ఏంది? గట్టిగ చెప్పు. టేపు సుట్టినవా? వైర్ మార్చి, పొద్దంత నడిపిచ్చి చూసినవా?

ఓరి శివా... కంపెనోళ్లే చేతులెత్తేసినదానికి నల్లటేపు సుట్టి, కొత్త అట్టపెట్టెల వెట్టి, అక్క ఇంట్ల పెట్టినవారా?

సరే. అక్క సల్లగుండాలనే తెచ్చినవ్, ఆ మాట నమ్ముత. నేను వాసనొస్తున్నదని ఫోన్ జేసిన నాడు నీకు తెల్వదా మరి? ప్లగ్గు పీకు అక్కా అని ఒక్క మాటంటే నీదేం పోతుండె? నౌకరా? నౌకరి పోతదని ముసలిదాని మీదికి దొబ్బినవా? నాకు మంటతోని గింత మండలేదురా, ఆ ఒక్క మాటతోని మండింది.

పొద్దుగాల అత్తమ్మకు అంత చెప్పిన. నమ్మలే! "శివకృష్ణ గట్లాంటి పిలగాడు గాదు. నా మనసు సల్లబడాలని తోడవుట్టినోని మీద నింద ఎయ్యకు" అన్నది. అందుకే నిన్ను పిలిచిన. పోయి నీ నోటితోని చెప్పు.

ఆగు. ఇంకో మాట. గోదాంలకెళ్లి ఒక్కటే తెచ్చినవా?

తల ఎత్తు. నా దిక్కు చూడు. ఇంకెవరికిచ్చినవ్?

ఎవరికీ? లస్మయ్యన్నకా? బావతోని బట్ట నేసే సాంచెలు నడిపే మన లస్మయ్యన్నకా! అయ్యో, ఆయన పెండ్లాం కనకవ్వ చంటిపిల్లను దాని ముందట్నే పండవెడుతది గదరా! గింత జరిగినంక గూడ నీ నోరు లేవలేదా? సింధూ, ఫోన్ తే బిడ్డా, జల్ది! నువ్వు జరుగు, చెయ్యి వట్టకు, నీ నౌకరి ఏమైతే నాకేంది?

హలో, కనకక్కా! నేను, స్వరాజ్యాన్ని. మీ కూలర్ నడుస్తున్నదా? ముందు పిల్లనెత్తుకో. ఎత్తుకున్నవా? ఇప్పుడు మెయిన్ దించు. ఆఁ, ఇంటి మెయినే. దించి, అప్పుడు ప్లగ్గు పీకు... వేడిగున్నదా? ఉంటదక్కా, ఉంటది. ఇగ దాన్ని మళ్ల పెట్టకుండ్రి, ఎవ్వరు మంచిదని చెప్పినా పెట్టకుండ్రి. అది ఖరాబ్ మాల్... నాకా? నాకెవరు చెప్పిండ్రంటవా?

...మా తమ్ముడు చెప్పిండక్కా. ఆఁ, శివనే. నీకు జల్ది చెప్పుమన్నడు. ఆఁ... అవు, మంచోడే. చెప్త. ఉంట.

ఇన్నవా? పిల్ల పాణం కాపాడినవంట. నీ కడుపు సల్లగుండాలె అన్నది కనకవ్వ.

అట్ల చూడకు నన్ను. ఎందుకట్ల చెప్పిన్నో నాకే తెల్వది. నీ మీద ప్రేమతోని, పావురంతోని గాదు. నా తమ్ముడు తెలిసి తెలిసి ఇచ్చిండు అననీకి నాకు నోరు రాలే. అంతే. చిన్నప్పటికెళ్లి నిన్ను కప్పి కప్పి ఈ నోటికి అలవాటైంది. సిగ్గు లేని నోరు.

అత్తమ్మ కాడ మాత్రం కప్ప. లే. ఆమె చేతులు ముట్టకు, నొస్తయ్. ఊకె పక్కన కూసోని, "చీరతోని గాలేదు అత్తమ్మా" అను. అంతకంటె ఎక్కువ చెప్పకున్నా మంచిదే.

లేచినవా? మంచిది.

అటెటు పోతున్నవ్? చెప్పులెందుకు తొడుగుతున్నవ్ రా? అత్తమ్మ ఇటుదిక్కున్నది గద.

శివా.

...సరే, పో. ఆమె గట్లనే అనుకుంట ఉంటది, నేను ముద్దలు పెట్టుకుంట ఇనుకుంట ఉంట. ఇంకేం జేస్తం.