ఎవరిదో తేలని చలికోటు

జనవరి చలి ఇంకా వదలని పొద్దున, శంషాబాద్ ఎయిర్ కార్గోలో దిగుమతి సరుకు విడిపించే ఏజెంటు కస్టమ్స్ ఆఫీసరమ్మ ముందు నిలబడ్డాడు. బల్ల మీద చైనా నుంచి వచ్చిన చలికోటు ఒకటి పరిచి ఉంది.

"కాగితంలో మగవాళ్ల కోట్లు అని రాశారు. ఎలా చెప్పగలిగారు?"

"సూస్తెనే తెలుస్తలేదా మేడమ్? భుజాలు గింత వెడల్పున్నయి."

"భుజాలు కాదండీ, ముందు వైపు చూడాలి. ఎడమ అంచు కుడి అంచు మీదికొస్తే మగవాళ్లది. కుడిది పైకొస్తే ఆడవాళ్లది."

"దీనికి నడుమ జిప్పే ఉన్నది గదా!"

"అందుకే ఎవరిదో తేలడం లేదు."

"తేలకపోతే ఇగ నేను రాసిందే ఉంచున్రి. చలి పోకముందే దుకాణాలకు చేరాలె."

"తేలకపోతే ఆడవాళ్ల కోట్ల కింద వెయ్యాలి. ఇదిగో, టారిఫ్ పుస్తకంలోనే ఉంది."

అతను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"గిది రాసింది మా ఇంటామెనా ఏంది మేడమ్?"

"అదేంటండీ?"

"గిసొంటి కోటే మా ఇంట్ల ఒకటున్నది. నాదంటే నాదని పొద్దుగాల్నే లొల్లి. గుంజుకొని ఏసుకొచ్చిన."

"ఇప్పుడు మీ ఒంటి మీదున్నదేనా?"

"గదే."

"దానికీ జిప్పేనా?"

అతను జిప్పును మెడదాకా లాక్కున్నాడు.

"కాయితం దిద్దిస్త మేడమ్. సరుకు ఇయ్యాల్నే వదులున్రి."

"వదులుతాను. ఈ పేజీ జెరాక్స్ తీసి ఫైలుకు జతచెయ్యండి."

"ఫైలుకైతే పెడ్త మేడమ్. ఇంటికి మాత్రం తీస్కపోను."