మీ పేరున వచ్చిన చలానా

ఇదిగో, మళ్ళీ వచ్చిందండీ మీ పేరున. ఇది మూడోది. ఓవర్ స్పీడంట. కొవ్వూరు దగ్గర హైవే మీద కెమెరా స్తంభం పెట్టారు చూడండీ, అక్కడే. మొదటి రెండూ అక్కడే, ఇదీ అక్కడే.

మీరు పోయి రెండేళ్ళు దాటింది. ఆ సంగతి గ్యాసు వాళ్ళకి తెలుసు, కరెంటు వాళ్ళకి తెలుసు, బ్యాంకు వాళ్ళకైతే నాకంటే ముందే తెలిసినట్టుంది. ఒక్క ఆ కెమెరాకే తెలీదు.

కాస్త జరగండి... అంటున్నా చూడండి, అలవాటు. నడుం లాగుతోందని ఇలా మీ సమాధి అంచు మీదే చేరగిలబడ్డాను. రేపు ఈస్టరు కదా. తెల్లారేసరికి చర్చి చర్చంతా కొవ్వొత్తులు పట్టుకుని ఇక్కడికొచ్చేస్తుంది. అప్పటికి సున్నం ఆరాలి, మీ పేరు మీద నల్లరంగు ఆరాలి. పక్కన జీవరాజు గారికి వాళ్ళవాళ్ళు అప్పుడే టైల్స్ వేయించేశారు. మీకు నేను వేయించలేదు. టైల్స్ అంటే జారిపోతామని మీకు భయం కదా.

ఆఁ, చలానా సంగతి. మీ ఫోను ఇంకా నేనే వాడుతున్నానుగా, మొదటిది దానికి వచ్చింది. రమేష్ బాబు అని మీ పేరు, మన స్కూటరు నెంబరు, ఓవర్ స్పీడు. నాకు ఒళ్ళు మండిపోయిందండీ.

మీరా? ఓవర్ స్పీడా? కాలవ గట్టు మీద మీరు బండి తోలుతుంటే బాతుల మంద మనల్ని దాటి వెళ్ళేది. అవి అడ్డమొస్తే ఇంజను ఆపేసి, ఆఖరి బాతు కాలవలోకి దిగేదాకా కూర్చునేవారు. వెనకాల నేను, నా ఒళ్ళో సంచి, సంచిలో వాడిపోతున్న తోటకూర. కాస్త తొందరగా పోనివ్వండీ అంటే, ఎక్కడికి ప్రసన్నా అంత తొందర అనేవారు. బళ్ళో పిల్లలకి లెక్కలు కూడా అలాగే చెప్పారట, నిదానంగా.

అలాంటి మనిషి మీద పోయాక ఈ నింద ఏంటి? ఊరుకోలేకపోయాను. చర్చిలో స్త్రీల సమాజం కూడినప్పుడు లేచి నిలబడి, దీనికోసం అందరూ ప్రార్థన చెయ్యండని మనవి పెట్టేశాను.

మనవాళ్ళ సంగతి మీకు తెలియందేముంది? ప్రార్థన మనవి పెట్టాక ఇక అది ఒకళ్ళ సొంత విషయం కాదు. పాస్టరు గారి భార్య రెబెక్కా గారు ఏడ్చేశారు. సంఘ పెద్ద చిట్టియ్య గారికి ఆఫీసుల్లో పనిచేసిన చెయ్యాయె, ఊరుకుంటారా? ఎవడో దొంగ ప్లేటు మీద మన నెంబరు కొట్టించుకుని తిరుగుతున్నాడు, వాణ్ణి వదలకూడదన్నారు. అప్పటికప్పుడు అర్జీ రాసేశారు. సదరు వాహన యజమాని ప్రభువునందు నిద్రించియున్నందున, అని మొదలుపెట్టారు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ఆ దొంగకి మారుమనస్సు కలగాలని ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నానండీ. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

తర్వాత రెండోది వచ్చింది. మన వెనకింటి ఆశాజ్యోతి లేదూ, సండే స్కూలు టీచరు, మీరు పోయాక నాకు స్కూటరు నేర్పింది తనే. చలానాకి ఫోటో కూడా ఉంటుంది, అర్జీకి జత చేద్దామని ఫోన్లో తెరిచింది. తెరిచి, చూసి, ఫోను నాకివ్వలేదు.

"ఆంటీ, ఈ అర్జీ పెట్టకపోతేనే మంచిదేమో" అంది.

నేను లాక్కుని చూశాను.

అలా చూడకండి. రాయి మీద మీ ఫోటో ఎప్పుడూ అలాగే చూస్తుంది, నాకు తెలుసు. చెప్తున్నాగా.

బిస్కెట్ రంగు చీర. మీరు రిటైరైనప్పుడు కొన్నది. కొంగు వెనక్కి ఎగిరిపోతోంది. మన స్కూటరే, మన నెంబరే. దొంగ ప్లేటు కాదు. దాని మీద ఉన్నది నేనేనండీ. డెబ్భై అయిదు కిలోమీటర్ల స్పీడులో.

ముందే తెలిసి దాచాననుకోకండి. అదే విచిత్రం. ఆ బండి ఎక్కేది నేను, పెట్రోలు కొట్టించేది నేను, తోలేది నేను. అయినా మీ పేరు చూశానా, ఇక అది మీ సంగతే అనుకున్నాను. తోలింది నేనని నాకు తట్టనే లేదు. ఇల్లు మీ పేరు, బండి మీ పేరు, ఇంటికొచ్చే పెళ్ళి కార్డు మీద కూడా మీ పేరే. నా పేరు ఎక్కడన్నా ఉంటే పక్కనే మీ భార్యనని ఉంటుంది. ఆఖరికి నేను చేసిన తప్పు కూడా మీకే రాశారు. నాకు కోపం వచ్చిందండీ. మీ మీద కాదు. సరే, కాస్త మీ మీద కూడా.

ఎక్కడికి ప్రసన్నా అంత తొందర అంటారు. ఎక్కడికీ కాదు.

ఊళ్ళో నేనూ మీలాగే వెళ్తాను. కాళ్ళు రెండూ కిందికి వేలాడేసి, ఎదురొచ్చినవాళ్ళకల్లా వందనాలు చెప్పుకుంటూ. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. శనివారం పని తెమిలాక మాత్రం హైవే ఎక్కుతాను. ఎండ వేళ రోడ్డు ఖాళీగా ఉంటుంది, గోదారి గాలి వస్తుంటుంది. చెయ్యి కాస్త తిప్పితే చాలు, ఆ బండి వెళ్తుందండీ. అంత స్పీడు వెళ్ళగలదని మీకూ తెలీదు, పాపం దానికీ తెలీదు. బ్రిడ్జి దాకా వెళ్ళి, నీళ్ళు చూసి, తిరిగొచ్చేస్తాను. అంతే.

నేర్చుకుంటానని ఒకసారి అడిగాను, గుర్తుందా? నీకెందుకు, నేనున్నానుగా అన్నారు. ఉన్నారు. ఉన్నన్నాళ్ళూ బాగానే చూసుకున్నారు, కాదనను.

మూడోది మాత్రం తెలిసి తెలిసి చేసిందే. కెమెరా ఉందని తెలుసు. అక్కడికొచ్చేసరికి తగ్గిద్దామనే అనుకున్నాను. తగ్గించలేదు.

ఇప్పుడు చిక్కేంటంటే, సోమవారం చిట్టియ్య గారు నన్ను ట్రాఫిక్ ఆఫీసుకి తీసుకెళ్తానన్నారు. ఆ అర్జీ, మీ డెత్ సర్టిఫికెట్టు చూపిస్తే మూడూ కొట్టేస్తారట. మీ పేరు కడిగినట్టయిపోతుంది. నేను నోరు మూసుకుని సంతకం పెడితే చాలు. ఎవడో దొంగ తోలాడని సంతకం.

అబద్ధమాడితే దేవుడు క్షమిస్తాడేమోనండీ. కానీ ఆ దొంగెవడు? వాడికి నా శనివారాలు ఎందుకివ్వాలి?

పోనీ మాట్లాడకుండా జరిమానా కట్టేద్దామా అంటే, మాస్టారు ఒప్పుకున్నట్టే కదా అంటారు ఊళ్ళో. బాతులకి దారిచ్చిన మనిషి మీరు. ఆ మాట మీకెందుకు పడాలి? రెండు రాత్రుళ్ళు నిద్రపోలేదు, మీ మీద ఒట్టు.

ఆగండి, రంగు ఒలికింది. మీ పేరులో 'మే' మీద పడింది. ఆఁ, తుడిచేశాను, తెలీదులెండి.

ఏం అనుకున్నానంటే, సోమవారం వెళ్తాను. చిట్టియ్య గారి అర్జీ తీసుకెళ్ళను. తోలింది నేనని రాసిచ్చి, కట్టాల్సింది కట్టేసి, బండి నా పేరుకి మార్చమంటాను. ఏవేం కాయితాలు కావాలంటే అవన్నీ ఇస్తాను. నాలుగోదంటూ వస్తే ప్రసన్నకుమారి అని రావాలి. రావాలా వద్దా అన్నది నేను చూసుకుంటాను.

అదేం పెద్ద కష్టం కాదు. కష్టమంతా రేపటిది. ఇక్కడే, మీ ముందే సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరు గారు. మీరంతా ఎవరికోసం ప్రార్థించారో ఆ దొంగ దొరికింది, అది నేనే అని చెప్పాలి. రెబెక్కా గారు మళ్ళీ ఏడుస్తారు. చిట్టియ్య గారు ఇక నా మొహం చూడరు, అంత మంచి అర్జీ పాడైపోయాక. పాస్టరు గారు మంచివారు, మారుమనస్సు కలిగిందా అమ్మా అని అడుగుతారు. అదిగో, దానికేం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదండీ.

ఇంకోటి. ఆ ఫోటో ప్రింటు తీయించుకున్నాను. మీరు పక్కన లేకుండా నేను దిగిన ఫోటో అదొక్కటే. పెళ్ళిది, చర్చిది, మీ రిటైర్మెంటుది, అన్నిట్లో ఓ పక్క మీ భుజం ఉంటుంది. ఆధార్ కార్డులోది లెక్కలోకి రాదు, అందులో ఎవరూ తమలా ఉండరు.

మీ పక్కన ఈ రాయి మీద నాకోసం ఖాళీ ఉంచారుగా. అక్కడ పెట్టాల్సింది ఈ ఫోటోనేనని ఆశాజ్యోతికి చెప్పేశాను. హెల్మెట్ మూలాన ముఖం సగమే కనిపిస్తుంది. ఫర్వాలేదు, పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. నవ్వుతున్నానండీ.

సరే, సున్నం ఆరింది. వెళ్ళొస్తాను. ఇవాళ శనివారమేగా.