సెల్లాయికి తెచ్చిన ఎండ క్రీము

"గాంధీపురం అంగడికి పోతిని, ఒక ట్యూబు ఏరుకొని వస్తిని. అంతే కథ," అన్నాడు కాళియప్పన్.

అంతే కథ అన్నాడంటే గంట పడుతుందని గోవిందరాజ్ టీ అంగట్లో కూర్చున్న మా అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా గోడలకు రంగులు వేసే మనిషి, మాటలకూ రెండు కోట్లు కొట్టందే వదలడు. ఆ రోజు మాత్రం ఎవరమూ ఆపలేదు. అతని భార్య సెల్లాయి బస్టాండు పక్క వీధులు ఊడ్చే కాంట్రాక్టు మనిషి. రెండు నెలల కింద మొహం మీద ఎర్రగా దద్దుర్లు లేస్తే ఆస్పత్రికి పోయింది. ఎండ పడని జబ్బు, ఎండ తగిలితే కిడ్నీలు కూడా చెడతాయి, క్రీము పూసుకోకుండా గడప దాటొద్దు అని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. పని మానేస్తే ఇల్లు గడవదు. అందుకని ఆ క్రీము సంగతి తెలుసుకోవాలని మాకూ ఉంది.

"ఆ అంగడి గోడ పన్నెండడుగులు. కింద నుంచి పైదాకా క్రీములే," అని చొక్కా జేబు తడుముకున్నాడు. "డాక్టరమ్మ చెప్పింది నాకు నోటికి ఉండాది. వాసన ఉండకూడదు, ఊపిరిలోకి పోతాది గనక స్ప్రే ఒద్దు, జింకు ఉండల్ల. జింకు కలిపిన తెలుపు కొట్టి బతికేవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాల్నా? నలభై డబ్బాలు మూత తీయకనే వాసన చూసి పక్కన పెడితిని. ఓనరు అరవిందన్ లేచి నిలబడి, అన్నా, నువ్వు ఈ కుర్చీలో కూచో, నేను పోయి పెయింటు కొట్టుకుంటా అనె. ఆ తర్వాత ఏమాయనో తెలుసునా? పరీక్ష చేయక ఇంటిదానికి పూస్తానా? అరచేతికి రవ్వంత పూసి ఎండకి చూపిస్తిని. ఎండ తగిలె, జారె, తిరిగి పైకే పోయె. తన ఎండ తనకే తగిలి సూర్యుడు తాళలేక మబ్బుల చాటుకి పోయె. బస్సులన్నీ లైట్లు వేసుకునె."

"మధ్యాన్నం పన్నెండుకా?" అన్నాడు గోవిందరాజ్.

"పన్నెండున్నరకి. అబద్ధం ఎందుకు చెప్తాను? ఒంటికి మంచిదైతే చాలునా? కొన్ని క్రీములు కడుక్కుపోయి సముద్రంలో పగడాలని చంపుతాయంట. నా ఇంటిది మొహం కడిగితే రామేశ్వరంలో పగడం చావల్నా? బస్సెక్కి పోతిని. ఒక్క చుక్క నీళ్ళలో ఇడిస్తిని. పాలిపోయిన పగడాలు మళ్ళా ఎర్రగా ఆయె. చేపలన్నీ రేషనంగడి ముందర మాదిరి వరస కట్టె, నొసటికి పూయమని. చివరిది బస్సంత ఉండాది. పూయించుకొని, రొంబ నన్రి అణ్ణా అని అరవంలో దండాలు చెప్పె."

"తెలుగులో చెప్పలేదా?" అన్నాడు గోవిందరాజ్.

"రామేశ్వరం చేపకి తెలుగు ఎట్ల వస్తాది?"

మేము పడీపడీ నవ్వాం. అతను నవ్వలేదు. మళ్ళీ జేబు తడుముకున్నాడు.

"మిగిలింది ఏం చేస్తినో తెలుసునా? సెల్లాయి ఊడ్చే వీధి ఉండాదే, ఆ వీధి పొడుగునా బ్రష్షుతో ఒక కోటు కొడితిని. అప్పటినుంచి ఆ వీధిలో ఎండే పడదు. పక్క వీధిలో తారు కరుగుతా ఉంటాది, ఈడ చల్లని నీడ. నా ఇంటిది ఆ నీడలో ఊడ్చుకుంటా ఉండాది. మొహం మీద మచ్చ కూడా లేదిప్పుడు. పాట కూడా పాడుకుంటాది."

ఆ వీధిలోనే చెత్త బండి తోలే యేసుదాస్ టీ తాగడం మధ్యలో ఆపాడు. గ్లాసు కింద పెట్టాడు.

"మామా, ఈ పొద్దు పదకొండుకి అక్క ఆ వీధిలోనే చీపురు పట్టుకొని కూలబడిపోయింది. బండి నీడకి తెచ్చి నీళ్ళిచ్చినా. క్రీము పూసుకోలేదా అక్కా అంటే, మీ మామ ఇంకా తేలేదబ్బా అనె."

అంతసేపు నవ్వినందుకు నాకు సిగ్గేసింది. కాళియప్పన్ జేబులోంచి చీటీ బయటికి తీశాడు. చెమటకు తడిసి తడిసి మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"పోతిని రా," అన్నాడు మెల్లగా. "నెలకి ముందర. గాజు తలుపు తోసుకొని లోపలికే పోతిని. చొక్కా మీద మరకలు చూసి ఆడ నిలబడిన పిల్ల, పెయింటు పనికి వచ్చినారా అనె. కాదనేకి నోరు రాలే. అవునంటిని."

"తర్వాత?" అన్నాడు యేసుదాస్.

"టేపు తీసి గోడ కొలుచుకొని వస్తిని. పన్నెండడుగులు. అది మాత్రం కోత కాదు."