ఎత్తు చూసి వేసిన వయసు

1998 మే నెల, జగ్గయ్యపేట. రిటైరైన హెడ్మాస్టరు ఉమాకాంతంగారు వాలుకుర్చీలో కూర్చుని, ఒకప్పటి శిష్యుడు, రైల్వే టీములో కబడ్డీ ఆడి మానేసిన కృపారావుని నిలబెట్టి మాట్లాడుతున్నారు.

"కూత పెట్టి కాళ్ళు పట్టుకు లాగేవాడివి, నీకు బడెందుకురా?"

"క్వారీ పేట పిల్లలకండి మేష్టారూ. గదులు లేచాయి. టీచర్లు కుదిరారు."

"మురుక్కాలవ కట్టించావు, కుళాయిలు వేయించావు, ఇప్పుడు బడి. తర్వాత ఎమ్మెల్యే సీటా?"

"లేదండి. ట్రెయినింగైన హెడ్మాస్టరు సంతకం ఉంటేనే బడికి గుర్తింపిస్తామన్నారు విద్యాశాఖ వాళ్ళు. జూన్ లోపల రాకపోతే పిల్లలు మళ్ళీ క్వారీకే పోతారు. మీరొక్క సంతకం—"

"అలా రా దారికి! ఎన్ని కప్పులు గెలిస్తే ఏం, ఉమాకాంతం గుమ్మం తొక్కాల్సిందేగా?"

"తొక్కాగా అండీ."

"రిజిస్టరు రాయడం వచ్చా మీవాళ్ళకి? పుట్టిన తేదీ ఎలా వేస్తారు?"

"ఇంటికెళ్ళి తల్లినడిగి—"

"తల్లినట, తల్లిని! మీ పేట ఆడాళ్ళకి తేదీలు తెలిసి చస్తేగా! 'ముసురు పట్టిన ఏడాది పుట్టాడండి' అంటారు. వింటూ కూర్చుంటామా? నిలబెట్టి ఎత్తు చూసేవాణ్ణి. ఇంతుంటే ఆరు, అంతుంటే ఎనిమిది. తేదీ అందరికీ జులై ఒకటే. ముప్ఫై ఏళ్ళు రాశా, ఒక్కడు నోరెత్తలేదు."

"ఎవరికీ నష్టం జరగలేదంటారా?"

"నష్టమేంట్రా? కూలికెళ్ళేవాళ్ళకి రెండేళ్ళు ఎక్కువైతేనేం, తక్కువైతేనేం? సరే, పెడతాలే. కానీ శిలాఫలకం మీద నా పేరు పైన, నీ పేరు కింద. అడ్మిషన్లన్నీ నేనే రాస్తా."

"మా అమ్మ చెప్పిందటండి, 'వాడు చిన్నోడు, పొడుగ్గా ఉన్నాడంతే' అని. మీరు వినలేదట."

"ఎప్పుడు?"

"నన్ను బళ్ళో చేర్చిన రోజున. తర్వాత జూనియర్ నేషనల్స్‌కి సెలెక్టయ్యా. బెజవాడ స్టేషన్లో సర్టిఫికెట్లు చూసి, వయసు దాటిందని రైలు దింపేశారు. నాకప్పటికి పద్దెనిమిది. కాగితం మీద ఇరవై ఒకటి."

"అదా... అది... రోజుకి నలభై మంది చేరేవాళ్ళురా. నువ్వు ఆటగాడివవుతావని నాకేం తెలుసు?"

"ఆటగాణ్ణి కాకపోతే ఫర్వాలేదా అండీ?"

"అది కాదురా..."

"ఇప్పటికైనా మీకు తప్పనిపించి ఉంటుందనుకున్నా. అందుకే ముందు మీ దగ్గరికే వచ్చా."

"ఉండు, ఉండు. పెన్నేదీ... ఇప్పుడే పెడతా. నా పేరు కింద వేసినా సరే."

"వద్దండి. నందిగామ వెళ్ళి, అక్కడ హెడ్మాస్టరుగా చేసిన దశరథరామయ్య మేష్టార్ని అడుగుతా. ఆయనా కాదంటే ఊరూరా తిరుగుతా. మా పిల్లల పుట్టినరోజుల మీద మాత్రం మీ చెయ్యి పడనివ్వను."