శనగగింజంత

మన్సూరాబాదు. సకల జనుల సమ్మె ముప్పయ్యో రోజు పొద్దున. కింది వాటాలో ఇంటి ఓనరు భూలక్ష్మి గడప మీద చాటలో శనగలు ఏరుతోంది. పై వాటా సింధూర ఖాళీ గిన్నెతో మెట్లు దిగింది.

"మా అత్తగారి మీద ఒక కంప్లైంటు ఉందండీ ఆంటీ. రాసుకుంటారా?"

"రాసుకునేటోళ్ళందరు సమ్మెల ఉన్నరు బిడ్డా. నోటితోని చెప్పు. ఆ గిన్నె ఏంది చేతుల?"

"ఆ కంప్లైంటు వల్ల వచ్చిన గిన్నే ఇది. ఒక గ్లాసెడు పాలు పోస్తారా? మా ఇంట్లో కాఫీ తాగి మూడు రోజులయింది."

"మీకు భిక్షపతి పోస్తలేడా?"

"మానేశాడు. గేటు దాకా వస్తాడు, మా మేడ వైపు ఒక్క చూపు చూస్తాడు, మీకు పోసి వెళ్ళిపోతాడు."

"గదే అనుకున్న. రోజు మీ మెట్లెక్కేటోడు, సైకిలు గిట్లనే మలుపుకొని పోతుండు ఏంది అని. ఏమన్నరు వాణ్ణి?"

"నేనేం అనలేదు. మా సూర్యప్రభగారు అన్నారు. వీధిలో, నా గడ్డం పట్టుకుని మొటిమ చూపించి మరీ అన్నారు. 'ఈ ఊరి నీళ్ళు పడకే మా కోడలి మొహం ఇలా తగలడింది. నువ్వు పాలల్లో పోసేవీ ఆ నీళ్ళేగా! పైనా అవే, లోపలా అవే, ఇంకెలా తగ్గుతాయి?' అని."

"అబ్బో! వాడేమన్నడు?"

"నేను నీళ్ళు కలపనమ్మా అన్నాడు. 'కలిపితే కలిపావు, కనీసం కాచి చల్లార్చినవి కలుపు' అన్నారీవిడ."

"గంత మాటంటే ఎవ్వడు పోస్తడు పాలు? ... ఆగు, జర ఆగు. ఈ ఊరి నీళ్ళు పడలేదంటదా? పదకొండేండ్ల సంది నా ఇంట్ల నా నల్లా నీళ్ళు తాగుకుంట?"

"అదే నా కంప్లైంటు కూడా."

"మేం రోడ్డెక్కిందే నీళ్ళ కోసం! ఇరవై తొమ్మిది రోజుల సంది ఎండల కూసోని నీళ్ళు నీళ్ళు అని మొత్తుకుంటున్న. ఆ నీళ్ళకే వంక పెడతదా మీ అత్త?"

"ముందు పాలు పోయండి ఆంటీ. కోపం తర్వాత పడుదురుగాని."

"పోస్త. మా నీళ్ళు కలిసినయి మరి, పడతయా?"

"కాఫీలోకి అన్నీ పడతాయి."

"ఇటు తిరుగు. గా వెలుతురుకు రా. అరే! నీ మొకం మంచిగయింది కద! మొన్న బతుకమ్మ కాడ గూడ అందరు అడిగిన్రు, సింధూర ఏం పెడుతుంది మొకానికి అని."

"ఇంకా గడ్డం మీద మూడున్నాయి. సోమవారం లోపల అవి కూడా ఖాళీ చెయ్యాలి."

"సోమవారం ఏమున్నది?"

"ఆధార్ ఫొటోలు, కమ్యూనిటీ హాల్లో. ఏజెన్సీ వాళ్ళు కదా, సమ్మె అయినా తీస్తారట. ఆ ఫొటో ఇంక జీవితాంతం ఉంటుందట ఆంటీ. నా ఓటరు కార్డు చూశారుగా మీరు?"

"చూసిన. దాన్ని చూసి, నిన్ను చూసి, మల్ల దాన్ని చూసి, ఆ పోలింగు బూతుల కూసున్నాయన పరేషాన్ అయిండు."

"మా చిన్నాడు 'అమ్మా, ఈ ఆంటీకి ఆటలమ్మ పోసిందా?' అన్నాడు. ముప్పై ఆరేళ్ళు నాకు. పదహారుకి రావాలి, ఇరవైకి పోవాలి. నావి ఇరవై ఏళ్ళుగా తిష్ట వేశాయి. కిరాయి లేదు, అడ్వాన్సు లేదు."

"గసొంటోళ్ళను నేనైతే నెలకే ఖాళీ చేపిస్త."

"చేయించబోతేనేగా ఈ గొడవంతా! మా అత్తగారు సున్నిపిండి అన్నారు. అయిదు రోజులు రుద్దాను. తగ్గలేదు, ముల్తానీ మట్టి అన్నారు. అదో అయిదు రోజులు. తర్వాత జాజికాయ. తర్వాత ఎవరో చెప్పారని పళ్ళు తోముకునే పేస్టు. ఇవి కాక ఉయ్యూరు నుంచి వాళ్ళ చెల్లెలు కోటేశ్వరమ్మగారు బస్సు పార్సిల్లో పంపే పొడులు. ఒకటి పచ్చది, ఒకటి నల్లది. ఆ నల్లది పూసుకుని తలుపు తీస్తే మావారు 'ఎవరు కావాలండీ?' అన్నారు. ఆయన ఇంటికి వస్తూ!"

"మరిప్పుడు దేనితోని తగ్గింది?"

"మీ సమ్మెతో."

"ఏంది?"

"నిజం ఆంటీ. వినాయక చవితి ముందురోజు దిల్‌సుఖ్‌నగర్లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఇచ్చింది మూడే మూడు. రెండు పూటలా కడుక్కోవడానికి ఒక మెత్తటి ఫేస్‌వాష్, చర్మం ఎండిపోకుండా ఒక క్రీము, పడుకునే ముందు రాసుకోవడానికి ఒక ట్యూబు. గిల్లొద్దు, రుద్దొద్దు, ఆరు వారాలు ఇంకేదీ పూయొద్దు అంది. మా ఇంట్లో ఆరు వారాలు ఒకటే పద్ధతి సాగుతుందా చెప్పండి?"

"ఆరు దినాలు సాగదు."

"ఇంతలో సమ్మె వచ్చింది. బస్సులు లేవు, ఉయ్యూరు పొడులు ఆగిపోయాయి. పార్లరు మూత. పచారీ కొట్టు సగం రోజులు మూత. ఇంక వేరే దారి లేక డాక్టరు చెప్పిందే చేశాను."

"నేను చెప్తె ఇన్నవా ఎన్నడన్న? మా పోచంపల్లిల నూలుకు రంగు పెట్టేటప్పుడు జర తొందరపడ్డనంటే మా అవ్వ చేతుల మీద కొట్టేది. ఒక రంగుల ముంచినంక అది పట్టాలె, ఆరాలె, గప్పుడే ఇంకో రంగు. ఆరకముందే మూడింట్ల ముంచితే చీర కాదు, బురద. మీ అత్తాకోడండ్లు కలిసి నీ మొకాన్ని గట్లనే చేసిన్రు."

"ఒప్పుకున్నాను. కానీ ఆంటీ, అసలు గోల అది కాదు. ట్యూబు అయిపోతోంది."

"అయిపోతే ఇంకోటి కొనుక్కో."

"ఇక్కడి మెడికల్ షాపుల్లో లేదు. ఆ డాక్టరమ్మ క్లినిక్కు కిందే దొరుకుతుంది. నిన్న మావారు బండేసుకుని బయల్దేరారు కూడా. ఎల్బీనగర్ చౌరస్తా దాటలేకపోయారు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, అడ్డంగా కూర్చున్నది మీరేగా!"

"ఓహో, మురళీకృష్ణ అందుకొచ్చిండా నిన్న! నేను వంటావార్పుకొచ్చిండనుకొని కిచిడి పెట్టిన. రెండుసార్లు పెట్టించుకున్నడు."

"తిని తిరిగొచ్చేశారు. ట్యూబేదండీ అంటే, కిచిడీ బాగుంది అన్నారు."

"అయ్యో, ఒక్క మాట చెప్తె దారి ఇప్పిస్తుంటి కద! సరే, ట్యూబు ఎన్ని దినాలు రావాలె?"

"రెండు నెలలు. రోజూ రాసేది ఇదిగో, మీ చాటలో ఉన్న ఈ శనగగింజంత. మొహమంతటికీ ఇంతే. అలాంటిది నలభై రోజులకే అట్ట ముక్కలా అయిపోయింది. ఎవరో వాడుతున్నారు ఆంటీ. అనుమానం వచ్చి పెన్నుతో గీత గీశాను. రాత్రి గీత దాకా ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి గీత కిందికి దిగింది."

"మురళీకృష్ణ?"

"ఆయనకి గడ్డం. రాసుకోవడానికి చోటేది?"

"పిల్లగాడు?"

"వాడు సబ్బే ముట్టుకోడు. ... మీరేం అనుకోనంటే ఒకటి అడగనా? ఈమధ్య మీ మొహం కూడా కాస్త మెరుస్తోంది."

"నన్నా! ఓ పిల్లా, ఇది చెమట. ఉద్యమం మెరుపు. పాల గిన్నె ఇటియ్యి."

"ఊరికే అన్నాను! ఊరికే! గిన్నె లాగకండి, ఒలుకుతాయి."

"సింధూరా! పాలకని దిగావు, అవి తోడుకునే దాకా ఇక్కడే ఉంటావా ఏమిటి?"

"వస్తున్నానత్తయ్యా. మీరెందుకు దిగారు?"

"రానియ్యి. నాకు ఆమెతోనే ముచ్చటున్నది. రా సూర్యప్రభ వదినె, కూసో. మొకానికి ఆ కొంగు ఏంది?"

"ఎండ భూలక్ష్మిగారూ."

"గడప నీడకు ఎండ ఏడికెళ్ళి వచ్చె?"

"ఎండంటే, దుమ్ము. రోడ్డు దుమ్ము."

"నెల నుంచి బస్సే తిరగని రోడ్డుకు దుమ్మా? జర కొంగు తియ్యి వదినె. అవ్వో! ముక్కు పక్కపొంటి తోలు పొట్టు లేసింది కద! ఎర్రగ కమిలింది."

"అత్తయ్యా! ఇదెప్పట్నుంచి? నాతో చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? అదే నేను మొత్తుకునేది. మీరేమీ అనుకోకండి భూలక్ష్మిగారూ, మీ మీద కోపం కాదు. ఈ ఊరి నీళ్ళు అలాంటివి. మా ఉయ్యూరు కాలవ నీళ్ళతో స్నానం చేసినంతకాలం నా ఒంటి మీద ఇంత గీత లేదు."

"మీ కాలువల ఏ నీళ్ళు?"

"ఏ నీళ్ళేమిటి, కృష్ణ నీళ్ళు! కృష్ణమ్మ!"

"మా నల్లాల ఏ నీళ్ళు?"

"నాకేం తెలుసు. ఏవో."

"సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కెళ్ళి వస్తయి. ఆడికి నాగార్జునసాగర్ కెళ్ళి వస్తయి. గది కృష్ణ కాదా? పైన మేం పట్టుకున్నంకనే కద మీ ఉయ్యూరికి వచ్చేది?"

"... బోరు నీళ్ళు కూడా కలుస్తాయిగా ట్యాంకులో?"

"బోరు ఎండకాలంలనే ఎండింది. మీరే కద, మోటరు చప్పుడు బందయింది, నిమ్మలంగ నిద్ర వస్తుందన్నరు?"

"అయితే మరి... గాలి అయ్యుంటుంది."

"అత్తయ్యా, గాలికి ముక్కు పక్కనే, మూతి చుట్టూనే లేస్తుందా తోలు?"

"పోనియ్యి సింధూరా, పెద్దమనిషి. వదినె, ఇగో, ఈ ముచ్చట ఇను. మీ కోడలికి ఆ డాక్టరమ్మ ఏం చెప్పిందో ఎరికేనా? మొకమంతకు మందు ఈ ఒక్క శనగగింజంతనే రాయాలెనంట."

"శనగగింజంతా? మొహమంతటికీనా? వేలెడు కాదూ? ... ఏమిటలా చూస్తారు ఇద్దరూ? మామూలుగా అన్నాను. ఏ మందైనా వేలెడేగా రాసేది. లోకంలో."

"అత్తయ్యా."

"పాలు చల్లారిపోతున్నాయి, పద."

"ఇవి పచ్చిపాలు. అత్తయ్యా, వేలెడు రాశారా? రోజూనా?"

"రోజూ కాదు. ఏకాదశికి రాయలేదు."

"ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదండీ, తోలు లేస్తుంది! అసలు మీరు దాన్ని విషం అన్నారు. నా చేతిలోంచి లాక్కుని డస్ట్‌బిన్‌లో కూడా వేశారు, నేను తీసి కడుక్కున్నాను."

"విషమేమోనన్న భయంతోనే. నీకు పడుతుందో పడదోనని ముందు నేను రాసుకుని చూశాను. అత్తగారన్నాక ఆ మాత్రం బాధ్యత ఉండదూ?"

"నెల రోజులు చూసినవా వదినె?"

"మీరు కాసేపు ఊరుకోండి భూలక్ష్మిగారూ."

"నేను ఊకుంట. నువ్వు చెప్పు మరి."

"... సోమవారం చీటీ నాకూ ఇచ్చారు."

"ఏ చీటీ?"

"ఫొటోది. నీ ఒక్కదానికేనా జీవితాంతం ఉండేది? నాకూ ఉన్నాయే సింధూరా, గడ్డం కింద, దవడ పక్కన. పెళ్ళయిన ఏడు మొదలయ్యాయి. మా అత్తగారు ఒంట్లో వేడి అన్నారు, మజ్జిగ తాగమన్నారు. నలభై ఏళ్ళు తాగాను. ఇంట్లో ఎవరి పెళ్ళి ఫొటో తీసినా నేను వెనక వరసే. పొడుగ్గా ఉన్నావు, ముందుకి రా అంటే, ఎవరికీ అడ్డం రానులే అనేదాన్ని. ఈ ఫొటోలో వెనక వరస ఉండదుటగా."

"డాక్టరమ్మ దగ్గరికి నాతో వస్తే సరిపోయేదిగా అత్తయ్యా."

"రమ్మని ఎవరన్నారు? నువ్వు వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చాను. తలుపు వేసుకోండి అన్నావు."

"... అన్నాను. అవును."

"అరవయ్యో పడి మీద పడుతుంటే మొటిమలకి మందు ఇప్పించమని ఎవరిని అడగను? మా వాణ్ణా? అందుకని రోజూ నువ్వు గుడికి వెళ్ళగానే..."

"గీత కిందికి దిగింది."

"గీతా? ఆ గీత నువ్వు గీసిందా? నేను కంపెనీ వాళ్ళు గీశారనుకున్నాను. రోజూ దాన్ని దాటకుండానే తీద్దామని చూశాను, కుదిరేది కాదు."

"నవ్వించకు వదినె, శనగలన్ని కింద పడ్డయి."

"సరే, ఇప్పుడు నా మాట వినండి అత్తయ్యా. మిగిలింది నొక్కి పిండితే అయిదు గింజలకి వస్తుంది. అది నాకు. కోపంతో కాదు, మీ తోలు మానేదాకా మీరు దాన్ని ముట్టుకోకూడదు. మీకు ఫేస్‌వాష్, ఆ చల్లటి క్రీము. సోమవారానికి ఎరుపు తగ్గుతుంది. ఫొటో అయిన మర్నాడు ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. చౌరస్తాలో దారి ఆంటీ ఇప్పిస్తారు."

"ఇప్పిస్త. కిచిడి గూడ పెడత."

"మొటిమలు ఎలాగూ ఫొటోలో పడతాయి కదా, తర్వాత వెళ్ళి ఏం లాభం?"

"ముందు వరసలో నిలబడాల్సిన ఫొటోలు ఇంకా చాలా ఉన్నాయి లెండి. పదండి, కాఫీ పెడతాను."

"ఏడికి పోతున్నరు? నా ముచ్చట తేలలే. మా నీళ్ళ సంగతి?"

"దాందేముంది భూలక్ష్మిగారూ. అయిపోయిందిగా."

"నాకు చెప్తె ఏమయితది? ఎవ్వని ముంగట అన్నవో వాని ముంగట చెప్పాలె. నువ్వు అన్న మాట వాడు గల్లీ గల్లీ మోసినట్టున్నడు. నాలుగిండ్లోళ్ళు క్యాన్ల నీళ్ళు ఎందుకు తెప్పించుకుంటున్నరో ఇప్పుడు తెలిసింది. ఆగో, చివరింటికి పోసి మర్లి వస్తుండు."

"ఇప్పుడా? వీధిలోనా? ఈ మొహంతోనా?"

"అన్ననాడు వీధిల గాదా?"

"చెప్పండత్తయ్యా. గిన్నె పట్టుకుని నేనింక మెట్లు దిగలేను."

"కొంగు తీసి చెప్పు వదినె. గట్టిగ. సైకిలు దాకా ఇనవడాలె."

"భిక్షపతీ! ఓ భిక్షపతీ! ఆగవయ్యా, అలా తల తిప్పుకుని పోకు. మీ నీళ్ళల్లో ఏ దోషమూ లేదు, తప్పంతా నాదే. రేపట్నుంచి మాకూ పొయ్యి... ఎప్పట్లాగే, కలిపే పొయ్యి!"